ఎర్రగుంట్ల పెద్దాయన సర్టిఫికెట్టు

వంట వచ్చో రాదో తెలుసుకోవాలంటే ఒక ముద్ద తిని చూస్తాం. వంటమనిషిని పట్టుకుని నీ సర్వీసు పుస్తకం తెమ్మని ఎవరూ అడగరు. ఇంత చిన్న సంగతి పెద్ద పెద్ద చదువులు చదివిన మనుషులకు ఎందుకు తట్టలేదో, తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంటలో సగం నా మీదే అని తెలిసి కూడా మండుతుంది.

కర్నూలులో మాది బోరు మోటార్లు, స్టార్టర్లు, వైర్లు అమ్మే అంగడి. తాత పెట్టాడు, నాన్న నడిపాడు, నేను కూర్చున్నాను. నా పిచ్చి మాత్రం వేరే. లైసెన్సు తీసుకుని ఇంట్లో సొంత రేడియో స్టేషను పెట్టుకుని, తనలాంటి పిచ్చివాళ్లతో గాలిలో మాట్లాడుకునే వాళ్లు కొందరుంటారు. వాళ్లను హామ్‌లంటారు. నేనూ ఒక హామ్‌ని. మిద్దె మీద రెండు వెదురు గడలు నాటి మధ్యన రాగి తీగ కట్టాను. నేను రేడియో పెట్టినప్పుడల్లా పక్కింటావిడ టీవీలో గీతలు వచ్చేవి. "ఏమప్పా, నీ తీగ నా సీరియలును మింగేస్తాండాది" అని ఆమె మిద్దె మీంచే అరిచేది. మా ఆవిడయితే, "ఆ టిక్కుటిక్కుల్ని కట్టుకోవాల్సింది, నన్నెందుకు కట్టుకున్నావు" అని అన్నం పెడుతూ దెప్పేది.

ఆ టిక్కుటిక్కులే మోర్స్. చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే పాత టెలిగ్రాఫ్ భాష. రెండువేల సంవత్సరం దాటాక కూడా పై గ్రేడు లైసెన్సు కావాలంటే ఆ పరీక్ష తప్పదు. నాకు అది నేర్పింది ఎర్రగుంట్లలో ఉండే ఒక పెద్దాయన. రేడియోలోనే పరిచయం. ఒక ఆదివారం పొద్దున రేడియో తిప్పుతుంటే ఆయన పంపే మోర్స్ తగిలింది. చుక్కకు చుక్కకు, అక్షరానికి అక్షరానికి మధ్య ఖాళీ కొలిచి పెట్టినట్టుంది. మోర్స్‌లో ఎవరి చేతివాటం వాళ్లదే, గొంతును గుర్తుపట్టినట్టు చేతిని గుర్తుపడతాం. అంత నిదానమైన చేయి నేను మళ్లీ వినలేదు.

మా హామ్‌లలో ఒక మర్యాద ఉంది. గాలిలో కలిసిన మనిషిని ఊరేది, మీకు నా సిగ్నలు ఎలా వస్తోంది, ఏం తీగ కట్టారు, అక్కడ ఎండెలా ఉంది అని అడుగుతాం. ఉద్యోగం అడగం. కులం అసలే అడగం. కలెక్టరైనా కమ్మరైనా అక్కడ లైసెన్సుతో ఇచ్చే పిలుపుగుర్తు ఒక్కటే పేరు. అందుకే ఏడాదిపాటు వారం వారం మాట్లాడుకున్నా ఆయన ఏం పని చేసి రిటైరయ్యాడో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

తర్వాత ఒకసారి ప్రొద్దుటూరుకు సరుకు పనిమీద పోయి, అక్కడినుంచి ఎర్రగుంట్లకు వెళ్లాను. రైల్వే లైను దగ్గర చిన్న ఇల్లు. ముందు నాపరాళ్లు నిలువుగా పాతిన ప్రహరీ, దాని మీద సిమెంటు ఫ్యాక్టరీల బూడిద. లోపల గూట్లో పాత టెలిగ్రాఫ్ సౌండరు ఒకటి కనబడింది. రైల్వే స్టేషన్లలో తంతి వస్తే టకటకా కొట్టుకునే ఇత్తడి పరికరం అది. దాని వెనక ఖాళీ సిగరెట్టు డబ్బా ఒకటి ఆనించి ఉంది.

"డబ్బా ఎందుకు సార్?" అన్నాను.

"శబ్దం గట్టిగా వస్తాది కదప్పా. పక్క లైన్ల మోతలో మనది మనకు వినపడాల. స్టేషన్లో అందరూ అట్లనే పెట్టుకుంటాండ్రి" అన్నాడు.

నన్ను మోర్స్ నొక్కే కీ దగ్గర కూర్చోబెట్టి, సౌండరుకు బ్యాటరీ తగిలించి, ఏదైనా పంపమన్నాడు. హామ్‌లం మోర్స్‌ను కూతలా వింటాం. సౌండరులో కూత ఉండదు, ఇనుము మీద ఇనుము కొట్టుకున్న శబ్దమే. నాకది వడ్లు దంచినట్టు వినపడింది తప్ప ఒక్క అక్షరం పట్టుబడలేదు. ఆయన మాత్రం లోపల భార్యతో టీకి పాలు సరిపోతాయా లేదా అని మాట్లాడుతూనే నేను పంపిందంతా అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాడు.

అప్పుడే నేను తీర్మానించేశాను. టకటకలో అక్షరాలు వినగలిగేవాడు రైల్వేలో టెలిగ్రాఫ్ బాబుగా జీవితం గడిపినవాడే అయివుండాలి. రేడియో పిచ్చి ఉన్నవాడు మాత్రమే చేయగలిగిన తప్పు అది. వేరెవరైనా అయితే, "అయ్యా, మీరేం ఉద్యోగం చేశారు" అని నోరు తెరిచి అడిగుండేవాళ్లు.

ఆ రోజుల్లోనే మా రాష్ట్రం హామ్‌లందరికీ ఇంటర్నెట్టులో ఒక మెయిలు గుంపు తయారైంది. గాలిలో పాటించిన మర్యాదంతా అక్కడికి వచ్చేసరికి గాలికి పోయింది. ప్రతి మెయిలు కింద సంతకం ఐదారు వరుసలు. మాజీ ఫలానా, గౌరవ ఫలానా, ఫలానా సంఘం సీనియర్ సభ్యుడు. రాసిన విషయం ఒక వరుసే, "శుభాకాంక్షలు" అని. కింద బిరుదులు మాత్రం పెళ్లి పత్రికంత. నేను మధ్యాహ్నం అంగడి మూసి భోజనానికి వచ్చేముందు నెట్ సెంటరులో కూర్చుని అవన్నీ చదివేవాణ్ని.

పరీక్షకు తయారయ్యేవాళ్ల కోసం ఆదివారం పొద్దున రేడియోలో మోర్స్ పాఠం పెడదామని గుంపులో అనుకున్నారు. ఎవరు పంపాలి అన్న ప్రశ్న వచ్చింది. నేను పెద్దాయన పేరు రాశాను. ఊరికే పేరు రాస్తే ఈ బిరుదుల సంతలో ఎవరు పట్టించుకుంటారు అనిపించింది. "ముప్పై ఏళ్లకు పైగా రైల్వేలో టెలిగ్రాఫ్ మాస్టరుగా పనిచేసిన అనుభవజ్ఞులు" అని తగిలించాను. రాస్తున్నప్పుడు అది అబద్ధమని నాకు తెలియదు. నిజమని కూడా తెలియదు. అందరూ ఒప్పుకున్నారు.

ఆరు నెలలు పాఠాలు నడిచాయి. ఆ ఆరు నెలలూ ఆయన సంతోషం చూసినవాణ్ని నేను. పిల్లలు లేరు, మాట్లాడటానికి ఇంట్లో భార్య తప్ప మనిషి లేడు. ఆదివారం పొద్దున స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని రేడియో ముందు కూర్చుంటాడని ఆయన భార్య నాతో చెప్పింది. "రేడియోలో చొక్కా కనపడదే అంటే, నాకు కనపడతాదిలే అంటాడప్పా" అని నవ్వింది. నిమిషానికి ఐదు మాటల వేగంతో ఒక అరగంట పంపేవాడు. చివర్లో లైసెన్సు ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి తప్పులెన్ని అని అడిగేవాడు. లైసెన్సు లేని పిల్లలు, పెద్దలు వినేవాళ్లు, తప్పుల లెక్క నాకు మెయిలు చేసేవాళ్లు. బద్వేలు నుంచి ఒక బడిపంతులు వరసగా మూడు వారాలు పదహారు తప్పులు, తొమ్మిది తప్పులు, రెండు తప్పులు అని పంపాడు. అది చెబితే పెద్దాయన, "ఇంగ రెండు వారాలు, ఆయప్ప ప్యాసు" అన్నాడు. అన్నట్టే ప్యాసయ్యాడు.

రాజధానిలో ఉండే పెద్దమనిషి ఒకరు పాఠం చివర్లో వచ్చి పలకరించేవారు. ఓడల్లో రేడియో ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి. గుంపులో ఆయన సంతకమే అందరికంటే పొడుగు. ఆయన చేయి మాత్రం పరుగులు పెడుతుంది. అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడి, అర్థం చేసుకోవాలంటే దేవుడు దిగిరావాలి. ఒక ఆదివారం ఆయన ఏదో పంపితే మా పెద్దాయనకు అందలేదు. నిదానంగా పంపమని చెప్పే మూడక్షరాల గుర్తు ఒకటుంది మోర్స్‌లో. ఎంతటివాడు ఎంతటివాడికైనా పంపవచ్చు, అందులో చిన్నతనం లేదు. పెద్దాయన ఆ గుర్తు పంపాడు. ఆయన మళ్లీ పంపారు. పెద్దాయన మళ్లీ అదే గుర్తు పంపాడు. నేర్చుకునేవాళ్లంతా వింటున్నారు. వాళ్లకు అప్పటికి ఆ మూడక్షరాలు బాగా వచ్చు.

మూడో రోజుకల్లా గుంపులో మెయిలు వచ్చింది. విద్యార్థుల భవిష్యత్తు దృష్ట్యా, పాఠం చెప్పేవారి అర్హతలు పరిశీలించాలట. ఎర్రగుంట్ల వారు ఏ డివిజన్లో, ఏ హోదాలో పనిచేశారు, సర్వీసు పత్రాలు గుంపు ముందు పెట్టగలరా అని. మోర్స్ బాగా లేదని ఒక్క మాట లేదు. ఎలా ఉంటుంది? ఆడలేనివాడు మద్దెల ఓడన్నట్టు, చేయి కుదరక కాగితం అడిగారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నెట్ సెంటరు కుర్చీలోంచి లేవకుండా జవాబు కొట్టాను. ముందు మీ సర్టిఫికెట్లు చూపించండి, పేరు కింద పేజీడు రాసుకుంటారు కదా, అందులో ఎన్ని నిజాలో మాకూ తెలియాలి అని రాశాను. మర్నాటికల్లా ఆయన సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేసి పెట్టేశారు. రంగు ముద్రలు, గుండ్రటి సంతకాలు, విదేశీ రేవుల స్టాంపులు. అన్నీ నికార్సయినవే. గుంపంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో నేను మరీ రెచ్చిపోయాను. వచ్చే ఆదివారంలోపు పెద్దాయన సర్వీసు పుస్తకం ఇదే గుంపులో పెడతాను, అప్పుడు క్షమాపణ చెప్పాల్సి వస్తుంది, సిద్ధంగా ఉండండి అని సవాలు విసిరాను.

గురువారం అంగడి తమ్ముడికి అప్పజెప్పి బస్సెక్కాను. ప్రొద్దుటూరులో దిగి, ఆటో పట్టుకుని ఎర్రగుంట్ల చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. గుంపులో జరిగిన రభసంతా ప్రింటు తీయించుకుని పోయాను. ఆయనకు కంప్యూటరు రాదు, ఇంగ్లీషు నిదానంగా చదువుతాడు. నేనే తెలుగులో చెప్పుకుంటూ పోయాను. చివరికి, "ఆ సర్వీసు పుస్తకమేదో ఇవ్వండి సార్, వాళ్ల మొహాన కొడతా" అన్నాను.

ఆయన ప్రింటు కాగితాలు మడిచి నా చేతికిచ్చాడు. తర్వాత, "టెలిగ్రాఫ్ మాస్టరని ఎవరు చెప్పినారప్పా నీకు?" అన్నాడు.

గూట్లోని సౌండరు వైపు చూశాను.

"నేను పోర్టరును. స్టేషన్లో దీపాలు ఎలిగించేది, కుండల్లో నీళ్లు పోసేది, తంతి కాగితాలు ఆఫీసర్ల ఇండ్లకు ఇచ్చొచ్చేది. తార్ బాబు రూము బయట బెంచీ ఉండె. ఏళ్ల తరబడి ఆ బెంచీ మీదనే కూచున్యా. లోపల టకటక, బయట నేను. ఇనీ ఇనీ వచ్చేసె. బాబు ఒకరోజు కునుకు తీస్తాంటే కాగితం నేనే రాసిపెట్టినా. ఆయప్ప చూసి తిట్టలేదు. ఆ పొద్దు నుంచి రూములోకి పిలిచి కీ పట్టుకోనిచ్చినాడు. రిటైరయ్యేటప్పుడు ఈ సౌండరు ఇప్పించి పోయినాడు."

ట్రంకు పెట్టె తెరిచి ఒక కార్డు తీశాడు. ఫోటోలో ముప్పై ఏళ్ల మనిషి. హోదా దగ్గర పోర్టరు అని టైపు చేసుంది. హామ్ లైసెన్సు పరీక్ష ఆయన మూడోసారికి ప్యాసయ్యాడని నాకు ముందే తెలుసు. మోర్స్‌లో ఎప్పుడూ నూటికి నూరే. కరెంటు సిద్ధాంతం ఇంగ్లీషులో రాయలేక రెండుసార్లు పోయింది. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

"నాతో ఒక మాట చెప్పుండొచ్చు కదా సార్" అన్నాను. ఆ మాటలో కోపం ఉంది. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

"నువ్వేం రాసినావో నాకెట్ల తెలుస్తాదప్పా? అడిగింటే చెప్పింటా. నన్ను సార్ అని పిలిచినోడివి నువ్వొక్కనివే. రేడియో నేర్పినందుకు పిలుస్తాండావు అనుకున్యా."

"ఇప్పుడేం రాయాల?" అన్నాను.

"ఉండేది రాయి. పోర్టరని రాయి. దాంట్లో ఏముండాది?"

ఆయనకు ఏమీ లేదు. నాకే ఉంది. తిరుగు బస్సులో జమ్మలమడుగు దాటేవరకు ఆయన గురించి ఆలోచించానని చెప్పుకోవాలని ఉంది కానీ అది నిజం కాదు. సవాలు విసిరింది నేను, క్షమాపణకు సిద్ధంగా ఉండమన్నది నేను. రేపు గుంపులో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి అన్నదే నా ఆలోచన. శుక్రవారం మధ్యాహ్నం నెట్ సెంటరుకు పోయి రెండు వరుసలు రాశాను. పెద్దాయన ఆరోగ్యం దెబ్బతింది, ఈ పరిస్థితుల్లో పత్రాలు అడగడం బాగుండదు, పాఠాలు ప్రస్తుతానికి ఆపేస్తున్నాం అని. ఆయనతో ఒక మాట చెప్పాలి కదా. వాళ్ల పక్కింటికి ఫోనుంది. శనివారం చేద్దామనుకున్నాను. శనివారం అంగట్లో గిరాకీ ఎక్కువని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆదివారం పొద్దున మామూలు వేళకు ఆయన గాలిలోకి వచ్చాడు. నేను మిద్దె మీది గదిలో వింటున్నాను. పాఠం మొదలుపెట్టకముందే ఎవరో ఒకతను, పాపం మంచి మనసుతోనే, మీ ఆరోగ్యం బాగాలేదని మెయిల్లో చదివాం, ఇప్పుడెలా ఉంది అని అడిగాడు. తర్వాత ఆయన పంపడం మొదలుపెట్టాడు. మాతో మామూలుగా మాట్లాడే వేగం కాదు, నేర్చుకునేవాళ్ల వేగం, నిమిషానికి ఐదు మాటలు. నా ఆరోగ్యం బాగుంది. నేను టెలిగ్రాఫ్ మాస్టరును కాను. ఆ మాట నేనెప్పుడూ చెప్పలేదు. స్టేషన్ పోర్టరును.

అలవాటు కొద్దీ నా చేతిలో పెన్సిలుంది. ఆ వేగంలో ఒక మాట ముగియాలంటే ఎంత సేపు పడుతుందో విన్నవాళ్లకే తెలుస్తుంది. పి వచ్చింది, రాసుకున్నాను. ఓ వచ్చింది. ఏ మాట రాబోతోందో నాకు తెలుసు, అయినా ఒక్కో అక్షరమే వస్తోంది. రాష్ట్రమంతా పదిమంది పెన్సిళ్లు పట్టుకుని అదే మాట అక్షరం అక్షరం రాసుకుంటున్నారు. బయట బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నాను అని పంపాడు. ఇప్పుడు పాఠం అన్నాడు. అరగంట పాఠం మామూలుగా చెప్పి ముగించాడు.

సాయంత్రానికి గుంపు నిండిపోయింది. నా అనుమానం నిజమైంది, నాకు ఎవరి మీదా వ్యక్తిగతంగా ద్వేషం లేదు అని రాజధాని పెద్దమనిషి రాశారు. చాలామంది ఆయనకు ధన్యవాదాలు చెప్పారు. పోర్టరు చేత ఆరు నెలలు పాఠం చెప్పించామా అని ఒకరు ఆశ్చర్యపోయారు. ఆ ఒకరు ఆ ఆరు నెలల్లో పరీక్ష ప్యాసైన మనిషే! ఎవరి దగ్గర నేర్చుకుని ప్యాసయ్యావు నాయనా నువ్వు? పోర్టరు పంపిన చుక్కకు, ఆఫీసరు పంపిన చుక్కకు తేడా చెప్పగలవా? బడిపంతులు ఒక్కడే, ఆయన నాకు గురువు, ఏ పని చేసినా గురువే అని ఒక వరుస రాశాడు. దానికి ఎవరూ బదులివ్వలేదు. ఇకనుంచి పాఠాలు టేపు రికార్డరుతో వినిపిస్తారని ప్రకటన వచ్చింది.

వీటన్నిటినీ మించి ఇంకో మెయిలుంది. మంచితనంతో నమ్మి మోసపోయిన కర్నూలు మిత్రుడికి మా సానుభూతి అని. దాని కింద అవును, అవును అని ఏడెనిమిది మంది.

ఆ పెద్దమనిషి మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క వరుస ముందు తేలిపోయింది. ఆయన కాగితం అడిగారు, తన కాగితం చూపించారు. ఆయన అహంకారం ఆయనది. ముసలాయన్ని మోసగాణ్ని చేసింది మాత్రం నేను. జవాబు రాయబోయి చెరిపేశాను. సోమవారం రాయబోయి చెరిపేశాను. వారమంతా నెట్ సెంటరు వైపు పోకుండా అంగట్లోనే కూర్చున్నాను. మా ఆవిడ ఏమైందని అడిగితే చెప్పాను. "తప్పు చేసింది నువ్వయితే, ఆయప్ప ఎందుకు మోయాల?" అంది. అంతకు మించి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మళ్లీ ఆదివారం వచ్చింది. రేడియోలో వేరే ఫ్రీక్వెన్సీ మీద టేపు రికార్డరు పాఠం మొదలైంది. పాత చోట, అదే వేళకు పెద్దాయన పిలిచాడు. ఎవరూ పలకలేదు. మూడుసార్లు పిలిచి, పలికేవాళ్లు లేకపోయినా పాఠం మొదలుపెట్టి అరగంటా పంపాడు. ఇస్త్రీ చొక్కా వేసుకునే ఉంటాడని నాకు తెలుసు. నేను మొత్తం రాసుకున్నాను. చివర్లో, ఎప్పటిలాగే ఒక్కొక్కరినే పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కో పిలుపు తర్వాత పలకడానికి పట్టేంత సేపు ఆగి, తర్వాతి మనిషిని పిలుస్తున్నాడు. ఆఖరున నా పిలుపుగుర్తు వచ్చింది. తప్పులెన్ని అని అడిగాడు.

కీ మీద చేయి పెట్టాను. తప్పుల లెక్క పంపలేదు. అబద్ధం రాసింది నేను, గుంపులోనూ ఈ రోజే రాస్తాను, నన్ను క్షమించండి అని పంపాను. తొందరలో ఖాళీలన్నీ పోయాయి, అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి.

అటునుంచి మూడక్షరాల గుర్తు వచ్చింది. నిదానంగా పంపు.

మళ్లీ మొదటినుంచి పంపాను. నేర్చుకునేవాళ్ల వేగంతో, అబద్ధం అన్న మాటను ఒక్కో అక్షరంగా, ఆ చోట ఇంకెవరైనా వింటూ ఉంటే తప్పు లేకుండా రాసుకోగలిగేంత నిదానంగా పంపాను.